బారన్ కైల్ నల్ల కాలు

పదకొండుంబావు అయింది. పర్డీ హోటల్ వెనకగదిలో, మామూలు రోజుల్లో మాంసం కోసే బల్ల మీద, ఊరి మగగుర్రం బారన్ కైల్‌ని చూసుకునే టామ్ హేస్టీ శవం పడుకోబెట్టి ఉంది. ఎడమ కణత మీద అర్ధచంద్రంలా లోతుగా ఒక దెబ్బ. ఆ ఒక్క దెబ్బకే మనిషి పోయాడు.

"గుర్రం తన్నింది," అన్నాడు సార్జెంట్ గావిన్ రాట్రే. "లాడం అంచు అచ్చుగుద్దినట్టు పడింది, చూశారుగా."

"చూశాను. లాడం అచ్చు పడింది, నిజమే. ఆ లాడం గుర్రం కాలికే ఉందని ఎవరు చెప్పారు?" సబ్ ఇన్‌స్పెక్టర్ స్ట్రోడ్ ముక్కుకి రుమాలు అడ్డుపెట్టుకుని అడిగాడు. పొద్దున పదింటి రైలుకి పట్నం నుంచి దిగాడు. బూట్లకి ఇంకా మెరుపు పోలేదు.

"మా అన్న చెప్పాడు. కళ్ళారా చూశాడు. ఏడున్నరకి తన ఆడగుర్రం జెస్‌ని మగగుర్రం దగ్గరికి తెచ్చాడు. మూడు వారాల కిందట దాటించారు, చూలు నిలిచిందో లేదో ఇవాళ తెలుస్తుంది. నిలిస్తే మగదాన్ని దగ్గరికి రానివ్వదు, వెనక్కి తిరిగి తంతుంది. హేస్టీ మధ్యలో ఉన్నాడు. పట్నంలో ఇవి నేర్పరనుకుంటా."

"పట్నంలో మనుషుల సంగతి నేర్పుతారయ్యా. శనివారం బార్లో డెనిస్ ఫెలన్ ఇతని బుర్ర బద్దలు కొడతానన్నాడు. మంగళవారం పొద్దున ఇతని బుర్ర బద్దలయింది. దీనికి ఆడగుర్రం ఎందుకు నాకు? అయినా బాగుంది, పిలిచిందీ మీరే, కాదనేదీ మీరే!"

మీరే అంటే ఊళ్ళోవాళ్ళు కాబోలనుకున్నాడు గావిన్. ఎవరో గిట్టనివాడు టెలిగ్రాం కొట్టి ఉంటాడు. ఫెలన్ అంటే గిట్టనివాళ్ళకి కిల్‌బ్రేలో కరువా? ఒకటి, వాడు ఐరిష్‌వాడు. రెండు, ఊరి గుర్రానికి పోటీగా ఇంకో మగగుర్రాన్ని జిల్లా అంతా తిప్పుతాడు.

స్ట్రోడ్ గడియారం తీశాడు. "గుర్రాల గురించి నాకు అక్షరం ముక్క రాదు, ఒప్పుకుంటాను. నీకు వచ్చు. రెండున్నరలోగా గుర్రమే తన్నిందని ప్రమాణం చేసి, కాగితం మీద సంతకం పెట్టివ్వు. గుర్రాన్ని కాల్పించి ఫెలన్‌ని వదిలేస్తాను. ఇవ్వలేదా, మూడింటి రైలుకి వాణ్ణి తీసుకుపోతాను. పట్నంలో జ్యూరీ ఎలాంటిదో నీకు తెలుసు. వాడి మెడకి తాడు కొలవడమే తరువాయి."

"రెండున్నర దాకా ఎందుకు?" అని గావిన్ అక్కడే గూట్లో కాగితం తీసుకుని రాసేశాడు, కింద సంతకమూ పెట్టాడు. అన్న మాటుంది. అంతకన్నా ఏం కావాలి? పదమూడేళ్ళ కిందట ఓడ మీద అమ్మా నాన్నా వారం తేడాతో జ్వరానికి పోతే, తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి పొట్టకి కరుచుకుని ఈ ఒడ్డుకి తెచ్చినవాడు నినియన్. ఓడ చెక్కల మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించిందీ, గుర్రం నడక చూసి రోగం చెప్పడం నేర్పిందీ అతనే. చర్చిలో పెద్దమనిషి. ఊరందరూ కలిసి స్కాట్లాండు నుంచి మగగుర్రం తెప్పించుకుందామనుకున్నప్పుడు, రేవుకి వెళ్ళి దించుకొచ్చే పని ఇంకెవరికీ ఇవ్వలేదు.

అయినా కాగితం స్ట్రోడ్ చేతికివ్వకుండా జేబులో పెట్టుకున్నాడు. చోటు చూడకుండా సంతకం చేసిన కాగితం వదలకూడదు. ఆ అలవాటూ అన్న నేర్పిందే.

డెనిస్ ఫెలన్ పక్కగదిలో బేడీలతో కూర్చున్నాడు. గావిన్‌ని చూడగానే, "రావయ్యా రా. తాడు నువ్వు తెచ్చావా, ఆ మెరుపు బూట్లాయన తెచ్చాడా?" అన్నాడు.

"వెటకారం తర్వాత. శనివారం గొడవెందుకు?"

"ఎందుకేంటి? మీ బారన్ కైల్ కింద గడ్డి నల్లగా మరకలు పడి ఉంది. 'ఏరా హేస్టీ, మీ గుర్రం కాలు పుట్టు నలుపేనా, పొద్దున్నే బూటు పాలిష్ పెడుతున్నావా' అన్నాను. అంతే, ముక్కు మీద గుద్దాడు. నేనూ తిట్టాను. తిట్టుకి చస్తారా ఎవరన్నా? అలా అయితే మా ఆవిడ నన్ను ఎన్నిసార్లు చంపిందో!"

"ఇవాళ పొద్దున ఎక్కడున్నావు?"

"నా గుర్రం పక్కన, గడ్డిమీద. ఒక్కణ్ణే. గుర్రాన్ని సాక్ష్యానికి పిలు, నాకేం అభ్యంతరం లేదు." నవ్వబోయి నవ్వలేకపోయాడు. "నాకు చిన్నపిల్లలున్నారు సార్జెంటూ. ఆ పట్నం రైలెక్కితే నేను తిరిగి రాను. నీకూ తెలుసు."

"ఎక్కవులే," అన్నాడు గావిన్. జేబులో కాగితం ఉంది కదా, ఆ ధీమాతో అన్నాడు.

వంటింటి గుమ్మంలో మిసెస్ పర్డీ అడ్డం తగిలింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. చేతిలో మూతపెట్టిన గిన్నె. "ఇదేం చెయ్యమంటావు బాబూ? పారబోయడానికి చేతులు రావట్లేదు."

"ఏమిటది?"

"హేస్టీ జావ. మంగళవారం మంగళవారం వస్తాడుగా, ఆరున్నరకల్లా పొయ్యి పక్కన పెడతాను. గంట కొట్టకముందే గుమ్మంలో ఉండేవాడు, అంత ఆకలి మనిషి. ఇవాళ రాలేదు. ఏడింటికి చూస్తే జావ గడ్డకట్టింది. గుర్రంతో ఏదో పని పడిందిలే అనుకున్నాను."

"ఏడున్నరకి కదా పోయాడు. ఏడింటికి ఎందుకు రాలేదు?"

"అదే నేనూ అడుగుతున్నాను! గుర్రం గుడ్డిదైనా దాణా మానుతుందా? హేస్టీ జావ మానేవాడు కాదు."

"నీ గడియారం ముందు నడుస్తుంది పిన్నీ," అన్నాడు విసుగ్గా. అన్నాడే గానీ, రోజూ ఈ గడియారం చూసే తన గడియారం సరిచేసుకుంటాడు. అది గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

వెనకదొడ్డి గుమ్మానికి ఈ సీజను కార్డు అంటించి ఉంది: 'న్యూజిలాండ్, కిల్‌బ్రే జిల్లా రైతులకు, 1878. బారన్ కైల్. స్కాట్లాండు నుంచి తెప్పించిన మేలుజాతి మగగుర్రం. ఎర్రగోధుమ ఒళ్ళు. మూడు కాళ్ళు తెలుపు, కుడి ముందుకాలు నలుపు. ప్రతి మంగళవారం మధ్యాహ్నం దాకా పర్డీ హోటల్ దొడ్డిలో.' అడుగున సంఘం పెద్దగా నినియన్ రాట్రే పేరు.

దొడ్డి మధ్యలో నడుమెత్తు అడ్డుకర్ర ఉంది. దానికి ఒకవైపు మగగుర్రం, ఒకవైపు ఆడగుర్రం నిలబడేటట్టు ఏర్పాటు. రాత్రంతా వాన కురిసి అయిదింటికి వెలిసింది. బురద మీద ఆ తర్వాత పడిన ప్రతి అడుగూ చెక్కుచెదరకుండా ఉంది. గావిన్ గోడవారగా నడిచి గేటు దగ్గర వంగాడు.

జెస్ లోపలికి వచ్చిన జాడలవి. ముందుకాళ్ళవి లాడాల గుర్తులు. వెనకకాళ్ళవి ఉత్త గిట్టలు.

మళ్ళీ చూశాడు. గేటు నుంచి అడ్డుకర్ర దాకా, అక్కణ్ణించి మూలన కట్టేసిన చోటు దాకా ఒక్కొక్క అడుగూ లెక్కపెడుతూ వెళ్ళాడు. ఎక్కడా వెనక లాడం అచ్చు లేదు.

ఈ ఊళ్ళో చీమకి కూడా తెలిసిన సంగతి. ఆడగుర్రాన్ని దాటించడానికి తెచ్చేముందు వెనక లాడాలు ఊడదీస్తారు, తన్నినా మగగుర్రం కాలు విరక్కుండా. కానీ ఇవాళ దాటించడానికి కాదుగా తెచ్చింది? చూలు పరీక్షకేనని, లాడాలు ఉంచేశానని పొద్దున పావు తక్కువ ఎనిమిదికి తలుపు తట్టి అన్న తనే చెప్పాడు. లాడం లేని గిట్టకి కణత మీద లాడం అంచు ఎలా పడింది?

"ఏరా, నేలమీద ఏం వెతుకుతున్నావు?"

నినియన్ గుర్రపుసాల నీడలోంచి వచ్చాడు. ఎత్తు మనిషి, తెల్లబడుతున్న గడ్డం, చేతులకి తోలు గ్లౌజులు. పొద్దున గావిన్ ఇంట్లో టీ కూడా గ్లౌజులతోనే తాగాడు. పలుపుతాడు కోసుకుందని చెప్పాడు.

"జెస్‌కి వెనక లాడాలేవి అన్నా?"

"ఊడపీకాను. మనిషిని చంపిన లాడాలు దాని కాళ్ళకి చూడలేకపోయానురా."

"ఎప్పుడు?"

"చంపిన తర్వాతే. ఇంకెప్పుడు?"

గేటు దగ్గర అడుగులు గావిన్ కళ్ళలోనే ఉన్నాయి. జెస్ దగ్గరికి వెళ్ళి వెనకకాలు ఎత్తి చూశాడు. గిట్ట అంచులు పెచ్చులు లేచి, సందుల్లో రోడ్డు మీది కంకర ఇరుక్కుని ఉంది. ఈ దొడ్డిలో కంకర లేదు. నినియన్ పొలం నుంచి ఇక్కడికి నాలుగు మైళ్ళ కంకర రోడ్డు.

ఇంకొక్కటి మిగిలింది. అదైనా అన్న చెప్పినట్టే ఉంటే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాడు. జెస్‌ని అడ్డుకర్ర దగ్గరికి నడిపించి, బారన్ కైల్ తాడు విప్పాడు.

"ఏం చేస్తున్నావు?" నినియన్ గొంతు మారింది. "శవం ఇంకా ఇంట్లో ఉండగా ఈ పనేంట్రా, సిగ్గులేకుండా?"

"పొద్దున తన్నింది కదా. మళ్ళీ తన్నాలి."

బారన్ కైల్ మెడ వంచి, సకిలించి కర్ర మీదుగా మూతి చాపాడు. జెస్ చెవులు వెనక్కి పెట్టలేదు, కాలూ ఎత్తలేదు. తోక పక్కకి తిప్పి, వెనకకాళ్ళు ఎడంచేసి, పెళ్ళిపీటల మీది పిల్లలా బుద్ధిగా నిలబడింది. ఎదకొచ్చిన గుర్రమది. చూలు లేదు, తన్నే ఉద్దేశమూ లేదు.

'ఇలా నిలబడ్డ గుర్రం పసిపిల్లణ్ణి కూడా తన్నదురా గావిన్.' పదేళ్ళ వయసులో అన్న చెప్పిన పాఠం అది.

గావిన్ తాడు గుంజకి చుట్టి, సాల గోడకి ఆనుకున్నాడు. అక్కడ హేస్టీ బకెట్ ఉంది. అందులో నీళ్ళు సిరాలా ఉన్నాయి. పక్కన నల్లబడ్డ గుడ్డపీలిక. గడ్డి మీద నల్లమరకలు. ఫెలన్ వెటకారం చెవిలో మళ్ళీ వినిపించింది. చేతిరుమాలు ఆ నీళ్ళలో ముంచి, బారన్ కైల్ కుడి ముందుకాలు మోకాలి కింద గట్టిగా రుద్దాడు. రుమాలు నల్లబడింది. వేలెడంత మేర కింద నుంచి తెల్లటి వెంట్రుకలు బయటపడ్డాయి. రుమాలు జేబులో కుక్కుకున్నాడు.

"జీనుకి పెట్టే నల్లరంగు," అన్నాడు మెల్లగా. "మనింట్లో ఉండేది. ఇది బారన్ కైల్ కాదు."

నినియన్ తేలిగ్గా, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. "బారన్ కైల్ ఓడ మీదే చచ్చింది. రేవుకి నేనెళ్ళేటప్పటికి సముద్రంలో వేసేశారు. ఊళ్ళో బాజాలు పట్టుకుని కూర్చున్నారు. నాలుగేళ్ళుగా కడుపు కట్టుకుని ముప్పై ఇళ్ళవాళ్ళు ఎదురుచూసిన గుర్రం! వట్టి తాడు చేతపట్టుకుని ఏ మొహంతో రానురా? రేవులోనే ఇది కనబడింది. ఒళ్ళు అదే, పొడుగు అదే. ఒక్క కాలు తేడా."

"వాళ్ళు నిన్ను నమ్మారు. ఈ ఏడు పుట్టే ప్రతి పిల్లా..."

"నమ్మారు కాబట్టే రంగేశాను! రాత్రి వానకి కారి ఉంటుందని రంగు డబ్బా పట్టుకుని ఆరింటికే వచ్చాను. అప్పటికే హేస్టీ దీని కాలు కడుగుతున్నాడు. నన్ను చూసి లేచాడు. 'ఇది మీ పనా అయ్యా' అన్నాడు. అంతే. మళ్ళీ దాటించాల్సి వస్తుందేమోనని రాత్రి జెస్‌కి ఊడదీసిన లాడం కోటు జేబులో ఉంది. నా చెయ్యి ఎప్పుడు లేచిందో నాకే తెలీదు."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనేవాడివి నాకు," అన్నాడు గావిన్. "ఊరికి కంచెవనుకున్నాం నిన్ను. కంచే చేను మేసింది. పైగా నా దగ్గరికొచ్చి, నా టీ తాగి, కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పావు!"

"నువ్వు నా మాట కాదనవని తెలుసురా." నినియన్ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇప్పుడు మాత్రం ఏం మునిగింది? ఆ పట్నం వాడికి గుర్రానికీ గేదెకీ తేడా తెలీదు. నీ జేబులో కాగితం ఇవ్వు. ఫెలన్ ఇంటికి పోతాడు. జెస్‌ని కాలుస్తారు, పోనీ. హేస్టీ ఎలాగూ లేచి రాడు. నిన్ను నా చేతుల మీద పెంచాను గావిన్. నా మెడకి తాడు నీ చేత్తో వేస్తావా?"

గావిన్ ఆ చెయ్యి తోసెయ్యలేకపోయాడు. సిగ్గుపడవలసిన మాటే గానీ, ఆ క్షణంలో ఇచ్చేద్దామనే అనిపించింది. నిరపరాధి బతుకుతాడు, అన్న బతుకుతాడు. ఒక అబద్ధం, ఒక గుర్రం. జేబులో చెయ్యి పెట్టాడు.

గేటు కిర్రుమంది. స్ట్రోడ్ బురద తప్పించుకుంటూ వచ్చాడు. చేతిలో మడతపెట్టిన కాగితం.

"ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, మంచిదయింది. స్టేషనుకి వెళ్ళి నాకొచ్చిన టెలిగ్రాం అసలు కాగితం తెచ్చాను. స్టేషను మాస్టరుకి పొద్దున తలుపు కింద దొరికిందట. ఏడూ అయిదుకి కొట్టాడు." విప్పి చదివాడు. "'హేస్టీ హత్య. ఫెలన్‌ని పట్టుకోండి. వెంటనే రండి. రాట్రే.' నువ్వే పిలిచావనుకుని పరుగున వచ్చాను సార్జెంట్. నువ్వేమో గుర్రం తన్నిందంటావు, ఏడున్నరకంటావు. ఏడున్నరకి చచ్చిన మనిషి సంగతి ఏడూ అయిదుకే ఎలా తెలిసింది నీకు?"

గావిన్ ఆ కాగితం చూశాడు. కుడివైపుకి ఒరిగిన అక్షరాలు, 'ర' కింద కొక్కెంలాంటి తోక. తన చేతిరాతే. ఓడ చెక్కల మీద దిద్దుకున్న రాత. ఆ రాత రాసేవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే.

తన దగ్గరికి రాకముందే అన్న ఇది రాశాడు. తమ్ముడు నమ్మితే జెస్, నమ్మకపోతే ఫెలన్. పోలీసు వెంటనే కదలాలని కింద ఉత్త 'రాట్రే'. తమ్ముడు కాదనడని తెలుసన్న మాట కూడా బొంకే.

"నేను రాయలేదు," అన్నాడు గావిన్. అని అన్న వైపు చూశాడు. ఇంకా ఆశ చావలేదు. నేనే రాశానని ఒక్క మాట అంటే చాలు, మిగతాదంతా క్షమించేవాడేమో.

స్ట్రోడ్ కూడా అటే చూశాడు. "ఇక్కడ రాట్రేలు ఇద్దరున్నారు. ఇది ఎవరి రాత?"

నినియన్ గడ్డం నిమురుకున్నాడు. చర్చిలో వాక్యం చదివే గొంతుతో, తొణక్కుండా, "మా తమ్ముడిదే," అన్నాడు. "ఎక్కడైనా పోల్చుకుంటాను. అక్షరాలు దిద్దించింది నేనేగా."

గావిన్‌కి కోపం రాలేదు. లోపలెక్కడో తొమ్మిదేళ్ళ పిల్లాడు పట్టుకున్న చెయ్యి వదిలేశాడు, అంతే. జేబులోంచి సంతకం చేసిన కాగితం తీశాడు. తడి రుమాలు పక్కనే ఉండటం వల్ల నల్లరంగు పీల్చుకుని సంతకం సగం చెరిగిపోయింది. నిలువునా చింపి బకెట్లో పడేశాడు.

"సార్, నాకూ ఆ రాతే వచ్చు, కాదనను. కానీ చేతులు అబద్ధం చెప్పవు," అని తన రెండు అరచేతులూ చాపి, వేళ్ళు తిప్పి చూపించాడు. రుమాలు నుంచి ఇప్పుడే అంటిన తడిమరక తప్ప గోళ్ళ మొదళ్ళు తెల్లగా ఉన్నాయి. "ఈ గుర్రం కాలికి కొన్ని వారాలుగా ఎవరో జీను రంగు పూస్తున్నారు. అది గోళ్ళలోకి దిగితే వారం రోజులు తోమినా పోదు. హేస్టీ అది కనిపెట్టినందుకే చచ్చాడు."

తర్వాత అన్న వైపు తిరిగాడు.

"గ్లౌజులు తియ్యి, అన్నా."